జాతీయ సినిమా అవార్డులు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

అవార్డులు ప్రకటించిన ప్రతిసారీ ఆ సాయంత్రం నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. మా ఊరి ఫిల్మ్ క్లబ్‌లో సినిమా వేసిన రోజు కూడా చివర్లో చర్చ ఎటు తిరిగినా ఈ సందేహాల దగ్గరికే వచ్చి ఆగుతుంది. చెప్పిందే చెప్పడం నాకు విసుగేమీ కాదు, కానీ సగం చెప్పేసరికి టైం అయిపోతుంది. అందుకే జనం అడిగిన మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గర మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మొట్టమొదటి సందేహాలు

జాతీయ అవార్డు అసలు ఎవరిస్తారు? పత్రికలు, టీవీ వాళ్లు ఇచ్చే అవార్డుల్లాంటిదేనా?

కాదు. ఇది భారత ప్రభుత్వం ఇచ్చే పురస్కారం. కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ దీన్ని చూసుకుంటుంది. 1973లో మొదలైన ఫిల్మ్ ఫెస్టివల్స్ డైరెక్టరేట్ చాలా ఏళ్లు ఈ పని చేసింది. 2022లో దాన్ని జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో, అంటే మనం ఎన్‌ఎఫ్‌డీసీ అనే దానిలో కలిపేశారు. ఇప్పుడు ఏర్పాట్లన్నీ అక్కడి నుంచే జరుగుతాయి. ప్రేక్షకుల ఓట్లు, ఎస్ఎంఎస్‌లు ఉండవు. సినిమాలు చూసి నిర్ణయించేది జ్యూరీ.

ఇవి ఎప్పుడు మొదలయ్యాయి?

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సినిమా పరిశ్రమ పరిస్థితి తెలుసుకోవడానికి ఎస్.కె. పాటిల్ అధ్యక్షతన ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆ కమిటీ 1951లో నివేదిక ఇచ్చింది. మంచి సినిమాను ప్రభుత్వం గుర్తించాలన్న ఆలోచన ఆ రోజుల్లోనే బలపడింది. 1953లో వచ్చిన సినిమాలకు 1954లో మొదటిసారి అవార్డులు ఇచ్చారు. అప్పట్లో వీటిని స్టేట్ అవార్డులు అనేవారు. రాష్ట్రపతి బంగారు పతకం అందుకున్న మొదటి సినిమా మరాఠీ 'శ్యామ్‌చీ ఆయీ'. మరుసటి ఏడాది నుంచి ఒక్కో భాషలో ఉత్తమ చిత్రానికి వెండి పతకం ఇవ్వడం మొదలైంది. తెలుగులో దాన్ని మొదట అందుకున్నది కె.వి. రెడ్డి తీసిన 'పెద్దమనుషులు'. ఊరికి పెద్దగా చెలామణీ అయ్యేవాళ్ల చీకటి పనుల్ని బయటపెట్టిన సినిమా అది. ఇప్పుడు చూసినా పాతబడినట్టు అనిపించదు.

గమనించాల్సిన విషయం ఒకటుంది. మొదట్లో అవార్డులు సినిమాలకే ఇచ్చేవారు, నటీనటులకు లేవు. 1967 సినిమాల నుంచి ఉత్తమ నటుడు, నటి అవార్డులు వచ్చాయి. మొదటి ఏడాది వాటిని ఉత్తమ్ కుమార్, నర్గీస్ అందుకున్నారు. చాలా ఏళ్ల పాటు వాటికి భరత్ అవార్డు, ఊర్వశి అవార్డు అని పేర్లుండేవి. మన శారద గారిని 'ఊర్వశి శారద' అని పిలవడం అక్కడి నుంచి వచ్చిందే.

71వ అవార్డులు అంటారు, 2023 సినిమాలకు అంటారు, ఇచ్చింది 2025లో అంటారు. ఏది ఏ సంవత్సరమో ఎలా తెలుస్తుంది?

ఒక చిన్న కిటుకు ఉంది. అవార్డుల సంఖ్యకు 1952 కలపండి. 71కి 1952 కలిపితే 2023. అది సినిమాల సంవత్సరం. 63వ అవార్డులు 2015 సినిమాలకు, 27వ అవార్డులు 1979 సినిమాలకు. ప్రకటన, ప్రదానం ఎప్పుడూ తర్వాతే జరుగుతాయి. ఆ సంవత్సరం పూర్తయ్యాకే ఎంట్రీలు పిలుస్తారు, తర్వాత జ్యూరీలు కూర్చోవాలి. మధ్యలో కరోనా వచ్చి ఆలస్యం ఇంకా పెరిగింది. 2019 సినిమాలకు అవార్డులు చేతికి వచ్చేసరికి 2021 అక్టోబర్ అయింది.

స్వర్ణ కమలం, రజత కమలం అంటే తేడా ఏంటి? డబ్బు ఎంతిస్తారు?

ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు, జనాదరణ పొందిన వినోదాత్మక చిత్రం, కొత్త దర్శకుడి మొదటి సినిమా లాంటి కొన్ని విభాగాలకు స్వర్ణ కమలం ఇస్తారు. నటన, సంగీతం, ఛాయాగ్రహణం, ఒక్కో భాషలో ఉత్తమ చిత్రం వంటి వాటికి రజత కమలం. 2022 సినిమాల నుంచి స్వర్ణ కమలం విభాగాలకు 3 లక్షలు, రజత కమలం విభాగాలకు 2 లక్షల రూపాయలు చేశారు. పెద్ద హీరోల పారితోషికాల పక్కన ఇది చిన్న మొత్తమే. ఒక సౌండ్ డిజైనర్‌కో, కాస్ట్యూమ్ డిజైనర్‌కో మాత్రం ఆ పతకం వల్ల వచ్చే గౌరవం ఏ పారితోషికానికీ తీసిపోదు. స్పెషల్ మెన్షన్ అనేది వేరు. దానికి డబ్బు ఉండదు, సర్టిఫికెట్ మాత్రం ఇస్తారు.

నంది అవార్డు, గద్దర్ అవార్డు కూడా ఇలాంటివేనా?

అవి రాష్ట్ర ప్రభుత్వాలవి. నంది అవార్డులు 1964లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలయ్యాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట మొదలుపెట్టిన అవార్డుల్ని 2025 జూన్‌లో హైదరాబాద్‌లో ఇచ్చింది. రాష్ట్ర అవార్డు వచ్చినంత మాత్రాన జాతీయ అవార్డుకు దారి పడినట్టు కాదు. దేని ఎంపిక దానిదే.

## సినిమా పంపేటప్పుడు

మంచి సినిమా అయితే గవర్నమెంటే చూసి తీసుకుంటుంది కదా?

తీసుకోదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. నిర్మాత దరఖాస్తు పెట్టి, ఫీజు కట్టి, సినిమాను పంపాలి. పంపని సినిమా జ్యూరీ ముందుకు రాదు. 'ఇంత గొప్ప సినిమాకు అవార్డు ఎందుకు రాలేదు' అని మనం వాదించుకునే కొన్ని సినిమాలను అసలు పంపి ఉండకపోవచ్చు.

అర్హతకు ముఖ్యమైన తేదీ సెన్సార్ సర్టిఫికెట్ మీదది. ఆ సంవత్సరం జనవరి 1 నుంచి డిసెంబర్ 31 లోపు సర్టిఫికెట్ వచ్చిన సినిమాలే ఆ ఏడాది లెక్కలోకి వస్తాయి. నాకు తెలిసిన ఒక కుర్రాడు అప్పు చేసి ఒక చిన్న సినిమా తీశాడు. డిసెంబర్ చివరి వారంలో సెన్సార్ అయింది, ఫిబ్రవరిలో రిలీజ్ అయింది. రిలీజ్ అయిన ఏడాదే లెక్క అనుకుని ఊరుకున్నాడు. తప్పు తెలిసేసరికి గడువు దాటిపోయింది. ఆ సినిమాకు అవార్డు వచ్చేదో రాదో గాని, కనీసం జ్యూరీ చూసి ఉండేది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అతని గొంతు మారిపోతుంది. కొత్తగా నిర్మాణంలోకి వచ్చేవాళ్లు దయచేసి సర్టిఫికెట్ మీది తేదీని ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

థియేటర్‌లో ఆడలేదు, నేరుగా ఓటీటీలో వచ్చింది. అలాంటి సినిమా పనికొస్తుందా?

సెన్సార్ సర్టిఫికెట్ ఉంటే వస్తుంది. 2020 సినిమాల్లో ఉత్తమ చిత్రం 'సూరరై పోట్రు', ఉత్తమ తెలుగు చిత్రం 'కలర్ ఫొటో'. ఆ రెండూ ఓటీటీలోనే విడుదలయ్యాయి. అయితే ఓటీటీలో పెట్టడానికి సెన్సార్ తప్పనిసరి కాదు కాబట్టి కొందరు నిర్మాతలు చేయించరు. అక్కడే దారి మూసుకుపోతుంది.

మేం ఫ్రెండ్స్ కలిసి షార్ట్ ఫిల్మ్ తీశాం. యూట్యూబ్‌లో మంచి వ్యూస్ వచ్చాయి. పంపొచ్చా?

షార్ట్ ఫిల్ములకు, డాక్యుమెంటరీలకు నాన్ ఫీచర్ అని ప్రత్యేక విభాగం ఉంది. వాటిని చూసే జ్యూరీ కూడా వేరు. కానీ వ్యూస్‌తో పని లేదు, వాటికీ సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. పంపే ఉద్దేశం ఉంటే సినిమా పూర్తయిన వెంటనే ఆ పని చూసుకోండి. ఎంట్రీలకు పిలుపు వచ్చాక పరుగెత్తితే అందదు.

డబ్బింగ్ సినిమాలు పోటీలో ఉంటాయా?

ఉండవు. ఏ భాషలో తీశారో ఆ భాషలోనే పంపాలి, సబ్‌టైటిల్స్ వేసి. సబ్‌టైటిల్స్ సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. గోదావరి యాసలో రాసిన ఒక డైలాగు, తెలంగాణ పల్లెలో పుట్టిన ఒక సామెత ఇంగ్లీషులో చప్పగా పడితే ఆ నష్టం సినిమాదే. ఎడిటింగ్ మీద పెట్టిన శ్రద్ధలో కొంతైనా అక్కడ పెట్టాలి.

## జ్యూరీ దగ్గర

తెలుగు రాని వాళ్లు తెలుగు సినిమాను ఎలా అంచనా వేస్తారు?

అందుకే రెండు అంచెలు పెట్టారు. ముందు ప్రాంతీయ జ్యూరీలు చూస్తాయి. ఉత్తరం, తూర్పు, పడమర, దక్షిణం ఒకటి, దక్షిణం రెండు అని మొత్తం 5. తెలుగు, కన్నడ సినిమాలు దక్షిణం రెండు కిందికి వస్తాయి, తమిళం, మలయాళం దక్షిణం ఒకటి కిందికి. ఆయా భాషలు, ఆ నేల తెలిసినవాళ్లు ఈ దశలో ఉంటారు. వాళ్లు సిఫారసు చేసిన సినిమాలు కేంద్ర జ్యూరీ ముందుకు వెళతాయి. ప్రాంతీయ జ్యూరీల అధ్యక్షులు కేంద్ర జ్యూరీలోనూ కూర్చుంటారు కాబట్టి మన సినిమా గురించి మాట్లాడేవాళ్లు ఒకరు ఆ గదిలో ఉంటారు. మొత్తానికి ఒక అధ్యక్షుడు ఉంటారు. 2021 సినిమాలకు కేతన్ మెహతా, 2022కు రాహుల్ రవైల్, 2023కు అశుతోష్ గోవారికర్ ఆ బాధ్యత చూశారు.

వసూళ్లు చూస్తారా?

వసూళ్ల లెక్క ఎవరూ అడగరు. జనాదరణ పొందిన, ఆరోగ్యకరమైన వినోదం ఇచ్చిన సినిమాకు ఒక విభాగం ఉంది. 'శంకరాభరణం', 'శతమానం భవతి', 'మహర్షి', 'ఆర్ఆర్ఆర్' ఆ విభాగంలోనే గెలిచాయి. 'శంకరాభరణం' మొదటి రోజు చాలా థియేటర్లు ఖాళీగా ఉన్నాయని, తర్వాత నోటి మాటగా జనం పెరిగారని మా పెద్దవాళ్లు చెప్పేవారు. శాస్త్రీయ సంగీతాన్ని ఊరూరా పాడుకునేలా చేసిన సినిమాను జనాదరణ విభాగంలో గుర్తించడం నాకు ఎంతో సబబుగా అనిపిస్తుంది.

'నాటు నాటు'కు ఆస్కార్ వచ్చింది. మరి జాతీయ అవార్డుల్లో ఆ పాటకు ఎందుకు రాలేదు?

2021 సినిమాల జాబితాను కాస్త నిదానంగా చూడండి. 'ఆర్ఆర్ఆర్'కు ఆరు అవార్డులు వచ్చాయి. నేపథ్య సంగీతానికి కీరవాణి, నృత్య దర్శకత్వానికి ప్రేమ్ రక్షిత్, 'కొమురం భీముడో' పాడినందుకు కాలభైరవ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కు శ్రీనివాస్ మోహన్, యాక్షన్ దర్శకత్వానికి కింగ్ సాల్మన్, దానితోపాటు జనాదరణ చిత్రం. పాటల సంగీతానికి అవార్డు 'పుష్ప'కు దేవి శ్రీ ప్రసాద్ అందుకున్నారు. గీత రచనకు చంద్రబోస్‌కే వచ్చింది, కానీ 'నాటు నాటు'కు కాదు, 'కొండపొలం'లో రాసిన పాటకు.

అంటే ఆస్కార్ తెచ్చిన కవినే ఇక్కడి జ్యూరీ కూడా మెచ్చుకుంది, అయితే ఆయన రాసిన మరో పాటకు. ఆస్కార్‌లో పాట సాహిత్యానికి, బాణీకి కలిపి ఒకే అవార్డు. ఇక్కడ సాహిత్యాన్ని సాహిత్యంగా, బాణీని బాణీగా, గొంతును గొంతుగా విడివిడిగా తూస్తారు. నాకు ఈ పద్ధతే నచ్చుతుంది. ఒక పాట వెనక ఎన్ని చేతులున్నాయో దీనివల్ల తెలుస్తుంది.

ఉత్తమ చిత్రం వచ్చిన సినిమానే మన దేశం తరఫున ఆస్కార్‌కు పంపుతారా?

సంబంధం లేదు. ఆస్కార్‌కు పంపే సినిమాను ఫిల్మ్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా వేసే కమిటీ వేరేగా ఎంపిక చేస్తుంది.

ఉత్తమ తెలుగు చిత్రం అంటే ఆ ఏడాది తెలుగులో వచ్చిన గొప్ప సినిమా అనేనా?

ఆ ఏడాది పోటీకి పంపిన తెలుగు సినిమాల్లో జ్యూరీకి మేలుగా తోచినది అని అర్థం చేసుకోండి. వరుసగా చూస్తే 2018కి 'మహానటి', 2019కి 'జెర్సీ', 2021కి 'ఉప్పెన', 2022కి 'కార్తికేయ 2', 2023కి 'భగవంత్ కేసరి'. ఒక్కో జ్యూరీ అభిరుచి ఒక్కో రకంగా ఉంటుంది. ఈ జాబితాలో కొన్ని ఎంపికలతో నేను ఏకీభవించను. 2023లో 'బలగం' ఉండగా వేరే సినిమాకు ఎలా ఇస్తారని మా క్లబ్‌లో అర్ధరాత్రి దాకా వాదన జరిగింది, నేను 'బలగం' వైపే ఉన్నాను. ఆ సినిమాలో 'ఊరు పల్లెటూరు' రాసిన కాసర్ల శ్యామ్‌కు గీత రచయిత అవార్డు రావడం మాత్రం అందరం చప్పట్లు కొట్టి ఒప్పుకున్నాం.

ఒకే అవార్డు ఇద్దరికి ఎందుకిస్తారు?

జ్యూరీ ఇద్దరినీ సమానంగా భావిస్తే పంచుతారు. 2023కి షారుఖ్ ఖాన్, విక్రాంత్ మాస్సే ఉత్తమ నటుడి అవార్డును పంచుకున్నారు. 2021కి ఉత్తమ నటిగా ఆలియా భట్, కృతి సనన్ ఇద్దరూ ఎంపికయ్యారు.

పైరవీలు, రాజకీయాలు ఉంటాయంటారు. నిజమేనా?

ఈ ప్రశ్నను దాటేయను. జ్యూరీని నియమించేది ప్రభుత్వం. చర్చ మూసిన తలుపుల వెనక జరుగుతుంది, ఎవరు ఏ సినిమా వైపు మాట్లాడారో బయటికి రాదు, నిర్ణయంపై అప్పీలు ఉండదు. ఇన్ని ఉన్నప్పుడు అనుమానాలు రావడం సహజం. కొన్ని ఎంపికల మీద దేశమంతా గట్టి విమర్శలు వచ్చాయి, వాటిలో బలమున్నవీ ఉన్నాయి. జ్యూరీ తన కారణాలను ఇంకా వివరంగా, సినిమావారీగా రాసి బయటపెట్టాలని నా కోరిక. మరోపక్క, పేరు లేని సినిమాను ఎక్కడి నుంచో వెతికి ముందు వరుసలో కూర్చోబెట్టిన సందర్భాలు ఇన్నేళ్లలో చాలా ఉన్నాయి. అవి లేకపోతే నేను ఈ జాబితాల కోసం ఎదురుచూసేవాణ్ణి కాదు.

## ప్రకటన వచ్చాక

అవార్డు రాష్ట్రపతి చేతుల మీదుగానే ఇస్తారా?

సంప్రదాయం అదే. 71వ అవార్డుల్ని 2025 సెప్టెంబర్ 23న ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అందించారు. మినహాయింపులున్నాయి. 2018 మే నెలలో రాష్ట్రపతి కొందరికే ఇచ్చి, మిగతావి మంత్రి ఇస్తారని తెలిసి, యాభైమందికి పైగా విజేతలు సభకు దూరంగా ఉన్నారు. జీవితంలో ఒక్కసారి వచ్చే క్షణం కోసం ఊళ్ల నుంచి అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వచ్చినవాళ్లు వాళ్లలో ఉండే ఉంటారు. వాళ్ల బాధ నాకు అర్థమైంది. తర్వాత రెండు సార్లు ఉప రాష్ట్రపతిగా ఉన్న వెంకయ్యనాయుడు గారు అందించారు.

చనిపోయినవాళ్లకు ఇస్తారా?

ఇస్తారు. 2017 సినిమాల్లో 'మామ్'కు గాను శ్రీదేవికి ఉత్తమ నటి అవార్డు ఇచ్చారు. ప్రకటన నాటికి ఆమె పోయి రెండు నెలలు కూడా కాలేదు.

దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు కూడా వీటిలో భాగమేనా? దానికి ఎలా దరఖాస్తు చేయాలి?

దరఖాస్తు ఉండదు. ఒక్క సినిమాకు కాకుండా సినిమా రంగంలో జీవితమంతా చేసిన సేవకు ఇచ్చే అత్యున్నత పురస్కారం అది. 1969లో మొదలైంది, మొదట దేవికా రాణి అందుకున్నారు. తెలుగు సినిమా నుంచి బి.ఎన్. రెడ్డి, ఎల్.వి. ప్రసాద్, బి. నాగిరెడ్డి, అక్కినేని నాగేశ్వరరావు, డి. రామానాయుడు, కె. విశ్వనాథ్ అందుకున్నారు. కరీంనగర్‌లో పుట్టి హిందీ సినిమాలో స్థిరపడిన పైడి జైరాజ్ పేరు మనవాళ్లు తరచూ మరిచిపోతారు. ఆయనకు 1980 సంవత్సరానికి ఇచ్చారు.

కొన్ని అవార్డుల పేర్లు మార్చారట?

అవును. కొత్త దర్శకుడి మొదటి సినిమా అవార్డుకు ఉన్న ఇందిరా గాంధీ పేరు, జాతీయ సమైక్యత చిత్రానికి ఉన్న నర్గీస్ దత్ పేరు 2022 సినిమాల నుంచి తీసేశారు.

## తెలుగువాళ్ల లెక్క

అల్లు అర్జున్‌కి ముందు తెలుగు హీరోల్లో ఎవరికీ ఉత్తమ నటుడు రాలేదంటే నమ్మమంటారా?

నమ్మాలి. 'పుష్ప'తో 2021కి ఆయనే మొదటివారు. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్ లాంటివాళ్లు తమ గొప్ప పాత్రల్లో చాలా వాటిని చేసేనాటికి నటులకు ఈ అవార్డే లేదు. 'పాతాళభైరవి' 1951లో, 'దేవదాసు' 1953లో, 'మాయాబజార్' 1957లో వచ్చాయి. ఆ లోటుకు ఎవరినీ తప్పుపట్టలేం.

మరి హీరోయిన్లకు?

ఇక్కడ మన లెక్క ఘనంగా ఉంది. తెనాలి అమ్మాయి శారద మూడుసార్లు ఉత్తమ నటి. రెండు మలయాళంలో 'తులాభారం', 'స్వయంవరం'కు, మూడోది 1978లో తెలుగు 'నిమజ్జనం'కు. 1988లో 'దాసి'కి అర్చన, 1990లో 'కర్తవ్యం'కు విజయశాంతి, 2018లో 'మహానటి'కి కీర్తి సురేష్. 'కర్తవ్యం'లో విజయశాంతి చేసినట్టు లాఠీ పట్టుకున్న పోలీసు పాత్రకు, అదీ కమర్షియల్ సినిమాలో, జాతీయ అవార్డు రావడం ఆ రోజుల్లో ఎంత సంచలనమో చూసినవాళ్లకు తెలుసు.

టెక్నీషియన్ల అవార్డుల్ని ఎవరూ పట్టించుకోరు. వాటిలో చెప్పుకోదగ్గవి ఉన్నాయా?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు ప్రత్యేకంగా నమస్కారం. నా దృష్టిలో అసలు సంపద అక్కడే ఉంది. బి. నర్సింగరావు తీసిన 'దాసి'నే తీసుకోండి. తెలంగాణ గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, బతుకు తెల్లారిపోయిన ఒక ఆడబాప (వెట్టిచాకిరీ చేసే దాసి) కథ. దానికి ఐదు అవార్డులు వచ్చాయి: ఉత్తమ తెలుగు చిత్రం, నటి, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తులకు సుదర్శన్. వైకుంఠం అంటే పెద్ద బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ స్త్రీలను బొమ్మలుగా గీసే ఆ చిత్రకారుడే. సినిమా చూస్తున్నప్పుడు గోడలను, పాత్ర సామానును, నేత చీరలను గమనించండి. మాటలు చాలా తక్కువ. చెప్పాల్సిందంతా ఆ వస్తువులే చెబుతాయి. పేరుకు ఐదు విభాగాలైనా జ్యూరీ గుర్తించింది ఒకే ప్రపంచాన్ని.

ఈ మధ్య వాటిలో 'జెర్సీ' ఎడిటింగ్‌కు నవీన్ నూలి, 'పెళ్లి చూపులు' సంభాషణలకు తరుణ్ భాస్కర్, 'చి.ల.సౌ.' స్క్రీన్‌ప్లేకు రాహుల్ రవీంద్రన్, 'బేబీ' స్క్రీన్‌ప్లేకు సాయి రాజేష్ అందుకున్నవి ఉన్నాయి. మళ్లీ చూసేటప్పుడు ఆ ఒక్క అంశం మీదే దృష్టి పెట్టి చూడండి.

తెలుగు పాటకు ఎన్నిసార్లు వచ్చింది?

గీత రచనకు 'అల్లూరి సీతారామరాజు'లో 'తెలుగు వీర లేవరా'కు శ్రీశ్రీ, 'మాతృదేవోభవ'లో 'రాలిపోయే పువ్వా'కు వేటూరి, 'ఠాగూర్'లో 'నేను సైతం'కు సుద్దాల అశోక్ తేజ, ఆ తర్వాత చంద్రబోస్, కాసర్ల శ్యామ్. సిరివెన్నెల పేరు ఇందులో లేకపోవడం నాకు ఇప్పటికీ వెలితే.

గాయకుల్లో బాలు గారికి ఆరు అవార్డులు, నాలుగు భాషల్లో. వాటిలో మూడు తెలుగు: 'శంకరాభరణం', 'సాగర సంగమం', 'రుద్రవీణ'. సంగీతంలో కె.వి. మహదేవన్, 'మేఘసందేశం'కు రమేష్ నాయుడు, తెలుగు సినిమాలకే రెండుసార్లు ఇళయరాజా, 'అన్నమయ్య'కు కీరవాణి, 'అల వైకుంఠపురములో'కు తమన్ అందుకున్నారు.

దేశంలోకెల్లా ఉత్తమ చిత్రంగా తెలుగు సినిమా ఎప్పుడైనా వచ్చిందా?

ఒక్కసారి. 2015కి 'బాహుబలి: ది బిగినింగ్'. ఉత్తమ దర్శకుడి అవార్డు మాత్రం 71వ అవార్డులను కలిపి చూసినా తెలుగు సినిమాకు ఒక్కసారీ రాలేదు.

నేను సినిమా తీయను, సినిమాల గురించి రాస్తాను. నాకేమైనా ఉందా?

ఉంది. సినిమా మీద ఉత్తమ గ్రంథం, ఉత్తమ విమర్శకుడు అని రెండు అవార్డులున్నాయి, వాటికి జ్యూరీ వేరు. 2021 సంవత్సరానికి ఉత్తమ విమర్శకుడిగా ఎంపికైన పురుషోత్తమాచార్యులు గారు రాసింది తెలుగులోనే. ప్రచురించిన వ్యాసాలనే పంపాలి. కాబట్టి మీ పేరుతో అచ్చయిన ప్రతి వ్యాసాన్నీ తేదీ కనిపించేలా దాచుకోవడం ఈ రోజే మొదలుపెట్టండి.